చివరి రూపాయి ఏ సంవత్సరానిది?

పాత నాణేల మీద పాఠకుల ప్రశ్నలకు, సబ్‌ట్రెజరీలో 31 ఏళ్ళు షరాబుగా (డబ్బు లెక్కపెట్టి సరిచూసే ఉద్యోగిగా) పనిచేసి రిటైరైన మా శీర్షిక రచయిత జవాబులు

ప్రశ్న: షరాబు గారూ, నమస్కారం. మాది అద్దంకి దగ్గర పల్లె. మా తాతగారి పాత పెంకుటిల్లు పడిపోయి దిబ్బయింది. అక్కడ కొత్త ఇల్లు మొదలుపెట్టే ముందు సరదాకి ఆన్‌లైన్లో 14 వేలు పెట్టి మెటల్ డిటెక్టర్ తెప్పించాను. మూడో రోజు, పాత గడప ఉండే చోట జానెడు లోతులో నాలుగు వెండి రూపాయలు దొరికాయి. ఒకటి 1862, ఒకటి 1901, ఒకటి 1907, ఒకటి 1918. వాటి పక్కనే మెషీన్ ఇంకా గట్టిగా మోగుతోంది. మామయ్య 'ఎవరికీ చెప్పకు, రాత్రికి తవ్వేద్దాం' అంటున్నాడు. అమ్మకి ఒకటే టెన్షన్. వెండి కొట్టాయన తూకానికి కొంటానన్నాడు. ఏం చెయ్యమంటారు? (దయచేసి పేరు వెయ్యొద్దు)

జవాబు: బాబూ, ముందు గునపం లోపల పెట్టండి. ఈ జవాబు మీ మామయ్యగారికి కూడా చదివి వినిపించండి.

మొదట ఆ మోత సంగతి. డిటెక్టర్ కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపిస్తుంది. లోపల లోహం ఉంటే అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. వాటి జాడని రెండో కాయిల్ పసిగడుతుంది. వెండిలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి స్క్రీన్ మీద అంకె పైకి పోతుంది. మెషీనుకి తెలిసింది అంతే. రాగి చెంబుకీ, అల్యూమినియం గిన్నెకీ కూడా అంకె పైకే పోతుంది. బల్లపరుపుగా ఉండి తుప్పుపట్టిన ఇనుము ఒక్కోసారి అచ్చం వెండిలాగే పలుకుతుంది. పాత ఇళ్ళ దిబ్బల్లో ఎద్దుల నాడాలకీ, పగిలిన మడత బందులకీ కొదవుండదు. గట్టిగా మోగిందంటే వస్తువు పెద్దదై ఉండాలి, లేదా పైపైనే ఉండాలి. లంకెబిందెలే అని ఎక్కడా లేదు.

అయితే మీకు దొరికిన నాలుగు రూపాయలు ఊరికే జారిపడ్డవి కావు. జేబులోంచి, కొంగు ముడిలోంచి పడిన డబ్బు ఒక్కొక్కటిగా, తలో చోట దొరుకుతుంది. నాలుగు ఒకేచోట, అదీ గడప దగ్గర ఉన్నాయంటే ద్వారబంధం నిలిపేటప్పుడు పసుపు, నవధాన్యాలతో పాటు వేసినవైనా అయ్యుండాలి, ఎవరైనా దాచుకున్నవైనా అయ్యుండాలి. ఈ రెండిట్లో ఏదో చెప్పేది ఆ చుట్టూ ఉన్న మట్టి. కుండ పెంకు ఉందా, గుడ్డ పీలిక ఉందా, రూపాయలు దొంతరగా ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా, గడప రాయికి కిందా పక్కనా? రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఇద్దరు మనుషులు గునపంతో పొడిస్తే ఇవన్నీ పది నిమిషాల్లో పోతాయి. మళ్ళీ ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

ఇక చట్టం. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా, దాని విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవాళ్ళు వీలైనంత త్వరగా కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాయాలి. వస్తువుని దగ్గరి ప్రభుత్వ ట్రెజరీలో జమ చెయ్యాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని హామీ ఇవ్వాలి. మీ నాలుగు రూపాయల్లో ఒక్కోదానిలో దాదాపు 10.7 గ్రాముల వెండి ఉంది. 10 రూపాయల హద్దు ఎప్పుడో దాటేశారు. చెప్పకుండా దాస్తే మీకొచ్చే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు.

'చెబితే గవర్నమెంటు లాక్కుంటుంది' అన్న భయం మీ మామయ్యగారొక్కరిదే కాదు, 31 ఏళ్ళు నా కౌంటరు ముందు ప్రతివాళ్ళూ అన్న మాటే. చట్టంలో ఉన్నది వేరు. కలెక్టరు ప్రకటన వేస్తారు. హక్కుదారులు రావడానికి నాలుగు నెలలకి తగ్గకుండా, ఆరు నెలలకి మించకుండా ఒక తేదీ పెడతారు. సొంతదారు తేలకపోతే ఆ నిధి దొరికినవాళ్ళకే చెందుతుంది. స్థలం వేరేవాళ్ళదై, ముందుగా ఒప్పందం ఏదీ లేకపోతే దొరికినవాళ్ళకి ముప్పావు వంతు, స్థలం వాళ్ళకి పావు వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే అందులోని లోహం విలువ, దాని మీద ఇంకో అయిదో వంతు కలిపి చెల్లించాలి. ఆ దిబ్బ ఇంకా మీ తాతగారి పేరునే ఉండి, బాబాయిలకీ పెదనాన్నలకీ పంపకం కాకపోయి ఉంటే, వాళ్ళని కూడా ఈరోజే పిలిచి చెప్పండి. తర్వాత తెలిస్తే చాలా బాధ పడతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అదే చట్టంలో వందేళ్ళ లెక్క ఒకటుంది. దొరికిన రోజు నుంచి వెనక్కి వందేళ్ళ లోపు తానో తన పెద్దలో దాచారని ఎవరైనా ముందుకొస్తే, సివిల్ కోర్టులో తేల్చుకోవడానికి కలెక్టరు గడువు ఇస్తారు. మీ నాలుగింటిలో చివరి రూపాయి 1918ది. అంటే 1918కి ముందు వాటిని పూడ్చి ఉండే వీల్లేదు. ఆ తర్వాత ఎప్పుడన్నది ఈ నాలుగూ చెప్పలేవు. (1862 అని ఉన్నదాన్ని చూసి అది ఆ ఏడాదే తయారైందనుకోకండి. అదే సంవత్సరం వేసి 1874 దాకా కొడుతూనే వచ్చారు.) పక్కన మోగుతున్నది నిజంగా రూపాయలే అయ్యి, అందులో ఒక్క 1944 రూపాయి ఉందనుకోండి, లెక్కంతా మారిపోతుంది. దాచింది 1944లోనో, ఆ తర్వాతో అవుతుంది. అప్పటికీ ఇప్పటికీ వందేళ్ళు నిండలేదు. మా తాతగారు దాచుకున్న డబ్బని మీరు నిలబడి అడగొచ్చు. ఆ ఒక్క రూపాయి వెండి కొట్టులో కరిగిపోతే మీ చేతిలో రుజువు లేదు.

అలాంటి కాలమే అది. 1939 దాకా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో నూటికి 91.7 వంతులు వెండి. యుద్ధం రోజుల్లో, 1940 నుంచి 1945 దాకా వేసిన రూపాయల్లో వెండి సగమే. ఒక్క రూపాయి కాగితం నోటు కూడా అప్పుడే మళ్ళీ వచ్చింది. పాత రూపాయల్ని ప్రభుత్వం వెనక్కి రప్పించుకుంటుంటే మన పెద్దవాళ్ళు మంచి వెండిని దాచుకుని కొత్తదాన్ని ఖర్చుపెట్టారు. కుండల్లో, అటక మీద, గాదె కింద, గడప పక్కన దాచారు. మీ తాతగారు ఏం తప్పు చేశారని దాన్ని రాత్రిపూట దొంగసొత్తులాగా తవ్వుకోవాలి?

నేను చూసింది ఒకటి చెప్పాలి. తొంభైల మొదట్లో రెవెన్యూ వాళ్ళు మా సబ్‌ట్రెజరీకి సీలు వేసిన మూట ఒకటి తెచ్చారు. చేలో కుండ దొరికిందట. డబుల్ లాక్‌లో పెట్టే ముందు లెక్కపెట్టి రాసుకోవడం నా పని. మూటలో 212 రూపాయలున్నాయి. 209 అద్దంలా మెరిసిపోతున్నాయి. దొరికినవాళ్ళు చింతపండూ బూడిదా పెట్టి బిందెలు తోమినట్టు తోమేశారు. మిగిలిన మూడూ ఒకదానికొకటి అతుక్కుపోవడంతో వదిలేశారు. ఆ మూడింటి దొంతరని వేళ్ళ మధ్య పట్టుకుని కిటికీ వెలుతురులోకి తిప్పాను. అంచున పచ్చటి చిలుము, దాని మీద గుడ్డ నేత అచ్చు పడి ఉంది. పడుగూ పేకా లెక్కపెట్టొచ్చు. ముతక నూలు. ఎవరో చీర చెంగు చించి మూటగట్టి కుండలో పెట్టారన్నమాట. ఆ 209 మీద కూడా అంతో ఇంతో ఇలాంటి జాడ ఉండే ఉంటుంది. కుండ ఏమైందని అడిగితే, పగిలింది, కాలవలో పారేశామన్నారు.

ఆ మూటకి రెండు కుటుంబాలు హక్కు కోరాయి. మా తాత దాచాడంటే మా తాత దాచాడని. అందులో ఒక ముసలమ్మ నా కౌంటరు దగ్గరికొచ్చి, కిరీటం పెట్టుకున్న కొత్త రాజు బొమ్మ రూపాయలు కొన్ని ముందే అమ్మేసుకున్నామయ్యా, అవి ఉంటే మాదని తేలేదా అని అడిగింది. అవి వందేళ్ళ లోపువి కాబట్టి తేలేదేమో అనే చెప్పాను. ఆమె అక్కడే మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆమె ముఖం నాకు ఈరోజుకీ గుర్తే. నేను ఈ శీర్షిక రాయడానికి ఒప్పుకున్నది కూడా ఆవిడ వల్లే.

కాబట్టి ఇలా చెయ్యండి. గోతిలో కదిలించిన మట్టి కదిలించినట్టే ఉంచి, పైన గోనెపట్టా పరిచి కప్పండి. దానికి ముందు ఫోనుతో ఫొటోలు తియ్యండి, ఫొటోలో టేపు పడేట్టు. గడప రాయి నుంచి ఎంత దూరం, ఇంటి రెండు మూలల నుంచి ఎంతెంత, లోతెంత అన్నవి కాగితం మీద రాయండి. నాలుగు రూపాయల్నీ కడగొద్దు. విడివిడిగా తెల్ల కాగితంలో చుట్టి, ఏది పైన ఉంది, ఏది కింద ఉంది గుర్తుంటే దాని మీదే రాయండి. తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళి కలెక్టరు గారి పేర అర్జీ ఇవ్వండి. 'ఫలానా తేదీన ఫలానా సర్వే నంబరులో మా తాతగారి ఇంటిస్థలంలో నాలుగు వెండి రూపాయలు దొరికాయి, ఇంకా ఉండవచ్చని అనుమానం, తమరి సమక్షంలో తీయించవలసిందిగా కోరుతున్నాను' అంటే చాలు. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా ఇంటికి రావద్దు. ఆ ముద్ర చూపిస్తే అమ్మగారి టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ రూపాయల పేరు (హారం) నాకిచ్చింది. 18 నాణేలు, అన్నిటి మీదా చార్మినార్ ఉంది. నల్లగా అయిపోయాయి. చింతపండుతో తోమొచ్చా? – ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: తోమకండమ్మా. అవి హాలీ సిక్కా రూపాయలు, నిజాం రాజ్యం సొంత నాణెం. బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 వంతులు. ఇంగ్లీషు రూపాయి కన్నా కాస్త తక్కువ. ఏడు హాలీలకి ఆరు ఇంగ్లీషు రూపాయలని మారకం లెక్క చెప్పుకునేవారు. చార్మినార్ గుమ్మం లోపల చిన్న అరబీ అక్షరం ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. చింతపండుతో నాలుగుసార్లు తోమితే ముందు అరిగేది ఆ అక్షరమే.

ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకంతో వెండి కలిసి పైన ఏర్పడిన పల్చటి పొర. హారంగా వేసుకోవాలనుకుంటే గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి ముంచి, మెత్తటి నూలుగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. నాణేలకి అతికిన కొక్కేల దగ్గర తడి మిగలకుండా ఆరనివ్వండి. రబ్బరు బ్యాండు వేసి కట్టకండి, రబ్బరులో కూడా గంధకం ఉంటుంది. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కొన్నాళ్ళకి జిగురు కట్టి నాణేన్ని పచ్చగా చేస్తాయి. మామూలు కాగితపు పొట్లం, పైన నూలు సంచి చాలు. మీ అమ్మమ్మగారు ఆ పేరు ఏ పెళ్ళిలో వేసుకున్నారో అడిగి ఒక చీటీ మీద రాసి ఆ సంచిలోనే వెయ్యండి.

ప్రశ్న: నేను ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాను. ఇక్కడ డిటెక్టర్ క్లబ్బులో చేరాను. రైతు అనుమతితోనే ఒక పొలంలో వెతుకుతుంటే పల్చటి వెండి నాణెం దొరికింది. రాణి బొమ్మ, తల వెనక గులాబీ, వెనకవైపు 1573. అడుగు దూరంలోనే మా ఫ్రెండుకి ఇంకోటి అలాంటిదే దొరికింది. ఇండియాకి తెచ్చి నాన్నకి ఇవ్వాలని ఉంది. వచ్చేటప్పుడు తాతగారి విక్టోరియా రూపాయి ఒకటి ఇక్కడికి తెచ్చుకోవాలని కూడా ఉంది.

జవాబు: మీకు దొరికింది మొదటి ఎలిజబెత్ రాణి నాటిది. తల వెనక గులాబీ ఉంటే ఆరు పెన్నీల బిళ్ళో, మూడు పెన్నీల బిళ్ళో, ఇంకా చిన్న బిళ్ళో అవుతుంది, కొలిచి చూడండి. ఒక్కటే అయితే మామూలుగా అక్కడి 1996 నిధుల చట్టం కిందికి రాదు. కానీ 300 ఏళ్ళు దాటిన వెండి నాణేలు ఒకే దాపులోవి రెండు దొరికితే అది నిధే. మీదీ మీ ఫ్రెండుదీ కలిపి రెండయ్యాయి. 14 రోజుల్లోగా కరోనరుకి (అక్కడ ఇలాంటివి విచారించే అధికారికి) తెలియజెయ్యాలి. మీ జిల్లాలో పురావస్తువులు నమోదు చేసుకునే అధికారి ఉంటారు, క్లబ్బు వాళ్ళకి తెలుస్తుంది, నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళండి. దేశం దాటించే మాట కూడా ఆయన్నే అడగండి. అది తేలేదాకా సూట్‌కేసులో పెట్టకండి.

తాతగారి రూపాయి సంగతి ఇంకా గట్టిగా చెప్తున్నాను. మన 1972 చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం బయటికి తీసుకుపోకూడదు. ఫొటో తీసుకెళ్ళండి.

మీరున్న దేశంలోనే జరిగిన ఒక సంగతి మీ క్లబ్బులో అందరికీ తెలిసే ఉంటుంది, మన పాఠకుల కోసం రాస్తున్నాను. 1992 నవంబరు 16న సఫోక్‌లోని హాక్స్‌న్ అనే ఊళ్ళో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. ఎరిక్ లాస్ అనే ఆయన డిటెక్టర్ పట్టుకుని ఆ సుత్తి కోసం బయల్దేరాడు. సుత్తికి బదులు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఆయన కొన్ని తీశాక ఆగిపోయాడు. కబురు చేశాడు. మర్నాడు పురావస్తు శాఖ వాళ్ళొచ్చి మట్టి గడ్డలతో సహా జాగ్రత్తగా తీసి ల్యాబుకి తీసుకెళ్ళారు. దాదాపు 15 వేల నాణేలు, అందులో 14 వేలకి పైగా వెండివి. చెక్క పెట్టె ఎప్పుడో కుళ్ళిపోయినా, ఏ వస్తువు పక్కన ఏది ఉందో చెడకపోవడంతో, పెద్ద పెట్టెలో చిన్న చిన్న పెట్టెలుగా సర్దారని తెలిసింది. అన్నిటికన్నా కొత్త నాణేలు 407–408 నాటివి కావడంతో, ఆ తర్వాతే పూడ్చారని తేలింది. ఆయనకి 17.5 లక్షల పౌండ్ల బహుమతి వచ్చింది, దాన్ని రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

లాస్ గారు ఆగిన ఆ క్షణం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. చేతికి వెండి తగులుతుండగా ఆగడం అందరికీ సాధ్యం కాదు.

ప్రశ్న: 1818 ఈస్టిండియా కంపెనీ నాణెం, రామ పట్టాభిషేకం బొమ్మది, మా దగ్గర ఉంది. లక్షలు వస్తాయని ఒకాయన ఫోన్ చేసి, ముందు 20 వేలు అడ్వాన్సు కట్టమన్నాడు. – విజయనగరం

జవాబు: కట్టకండి. కంపెనీ ఏనాడూ రాముడి బొమ్మతోనో హనుమంతుడి బొమ్మతోనో నాణెం వెయ్యలేదు. అవి తర్వాతి కాలంలో తయారు చేసి అమ్మిన బిళ్ళలు. బియ్యం గింజల్ని లాగే నాణెమన్నా ఇదే కథ. దేవుడి గూట్లో పెట్టుకుని పూజ చేసుకోండి, ఆ ఫోన్ నంబరు పోలీసులకి ఇవ్వండి.

ప్రశ్న: సార్, నేను 9వ తరగతి. మాది పెద్దపల్లి దగ్గర. పెద్దబొంకూరులో శాతవాహనుల నాణేలు దొరికాయని మా సోషల్ సార్ చెప్పారు. మా అన్న దగ్గర డిటెక్టర్ ఉంది. అక్కడికెళ్ళి వెతకొచ్చా?

జవాబు: వద్దు నాన్నా. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. పెద్దబొంకూరులో తవ్వకాలు జరిపినప్పుడు వేల కొద్దీ నాణేలు బయటపడ్డాయి. ఏ ఇంట్లో, ఏ బావి పక్కన, ఏ పొరలో ఉన్నాయో రాసుకున్నారు కాబట్టే మీ సార్ నీకు పాఠం చెప్పగలుగుతున్నారు. వాన వెలిశాక మీ చేల గట్టు మీద ఏదైనా బిళ్ళ పైకి తేలి కనిపిస్తే, అక్కడ కర్ర పాతి గుర్తు పెట్టి, ముందు మీ సార్‌కి చూపించు.

శాతవాహనుల నాణేలు ఎక్కువగా సీసంవి, రాగివి. వెండివి తక్కువ, కానీ చాలా అందమైనవి. చిన్నగా, చిటికెన వేలి గోరు కన్నా కొంచెం పెద్దగా ఉంటాయి. ఒకవైపు రాజు ముఖం పక్క నుంచి కనిపిస్తుంది. చుట్టూ ప్రాకృతంలో పేరు రాసి ఉంటుంది. వెనకవైపు మన దక్షిణాది భాషలో అదే పేరు. సెలవుల్లో హైదరాబాద్ వెళ్తే పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకి తీసుకెళ్ళమని మీ నాన్నగారిని అడుగు. చిన్న భూతద్దం ఒకటి జేబులో పెట్టుకో. రాజు ముఖం కనిపించే వెండి నాణెం ఎదురైతే చెవి దగ్గర ఆపి చూడు, కుండలం కనిపిస్తుంది. కనిపించిందో లేదో నాకు ఉత్తరం రాయి.